ఫిలిప్పీన్స్ అత్తవారింట్లో: ఊరి రోజువారీ జీవితంలో కలిసిపోవడం ఎలా

తెలుగునాట కొత్త అల్లుడు సంక్రాంతికి అత్తవారింటికి వెళితే అతణ్ణి కూర్చున్నచోటి నుంచి కదలనివ్వరు. తిన్న కంచం తీయబోయినా నలుగురూ పరుగెత్తుకు వచ్చి అడ్డుపడతారు. ఫిలిప్పీన్స్‌లో, ముఖ్యంగా లూజోన్ ద్వీపంలో తగలోగ్ మాట్లాడే పల్లెల్లో, ఆచారం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పూర్వం అక్కడ పిల్లను కోరిన కుర్రవాడు ఆమె పుట్టింటికి వచ్చి కొంతకాలం కట్టెలు కొట్టి, నీళ్లు మోసి, వడ్లు దంచి పెట్టేవాడు. దాన్ని పనినిల్‌బిహాన్ అంటారు, సేవ చేయడమని అర్థం. ఈ రోజుల్లో ఎవరూ అల్లుడి చేత కట్టెలు కొట్టించరు గాని ఆ చూపు మాత్రం పోలేదు. వచ్చినవాడు ఇంటి పనిలో చేయి వేస్తాడా, లేక కుర్చీకే అతుక్కుంటాడా అన్నది ఇంటివాళ్లతో పాటు వీధివాళ్లు కూడా గమనిస్తారు.

నేను కోనసీమవాణ్ణి. నా భార్యది లగునా ప్రావిన్సులో కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక చిన్న పల్లె. గల్ఫ్‌లో ఉద్యోగాలు చేస్తున్నప్పుడు మా పరిచయం జరిగింది. మొదటిసారి వెళ్లినప్పుడు నాలుగు రోజుల పాటు అల్లుడి హోదాలో వరండాలో కూర్చున్నాను. అయిదో రోజు ఉదయం నా భార్య నా చేతికి ఈనెల చీపురు ఇచ్చి వాకిలి చూపించింది. ఆ తరువాతే ఆ ఊరు నాతో మాట్లాడడం మొదలుపెట్టింది. భర్త తరఫు చుట్టాలను చూడబోయే తెలుగు ఆడపడుచులకు కూడా ఈ వివరాలు చాలా వరకు పనికివస్తాయి, అయితే పనిలోకి దిగడం వారికి ఎవరూ చెప్పకుండానే అలవాటై ఉంటుంది.

వెళ్లడానికి ముందు

కాగితాల పని క్లుప్తంగా చెబుతాను. 2025 జూన్ నుంచి భారతీయ పర్యాటకులను 14 రోజుల వరకు వీసా లేకుండానే అనుమతిస్తున్నారు, కాని ఆ గడువును అక్కడికి వెళ్లాక పొడిగించుకోవడం కుదరదు. ఊరి జీవితం తెలియాలంటే రెండు వారాలు చాలవు, ఎందుకంటే మొదటి వారమంతా చుట్టాల పలకరింపులకే సరిపోతుంది. మూడు, నాలుగు వారాలు ఉండదలచినవారు ముందుగానే వీసా తీసుకోవడం మేలు. నిబంధనలు మారుతుంటాయి కనుక టిక్కెట్టు కొనే ముందు రాయబార కార్యాలయం వెబ్‌సైటు ఒకసారి చూడండి. విమానం దిగడానికి ముందు 72 గంటల లోపల ఈ-ట్రావెల్ అనే ప్రభుత్వ నమోదు పూర్తి చేయాలి. అది ఉచితం. దానికి డబ్బు అడిగే సైటు ఏదైనా సరే నకిలీదే.

జూన్ నుంచి నవంబరు దాకా వానలు, తుపాన్లు ఉంటాయి. మే నెల ఎండలు మన కోస్తా ఉక్కపోతను గుర్తుచేస్తాయి గాని, లగునా, కెసోన్ ప్రాంతాల పెద్ద పండుగ ఒకటి ఆ నెలలోనే వస్తుంది. డిసెంబరులో 16 నుంచి 24 వరకు తొమ్మిది రోజులు తెల్లవారుజామున చర్చి పూజలు జరుగుతాయి. వీటిని సింబాంగ్ గబీ అంటారు. చీకటితో లేచి గుడికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు దారిలో వేడివేడి తినుబండారాలు కొనుక్కోవడం ధనుర్మాసంలో పెరిగినవారికి కొత్తగా అనిపించదు. అక్కడ చక్రపొంగలికి బదులు బొగ్గుల మీద కాల్చిన బిబింగ్కా అనే బియ్యప్పిండి రొట్టె దొరుకుతుంది.

సామానులో అన్నిటికన్నా ముఖ్యమైనది పసలూబోంగ్. ప్రయాణం చేసి వచ్చినవాడు ఇంటివాళ్లకు తెచ్చే తినుబండారాలు, చిన్నచిన్న కానుకలు దీని కిందికి వస్తాయి. ఖరీదైన వస్తువు ఒకటి కొనడం కన్నా నలభై మందికి పంచగలిగే చిన్న పొట్లాలు కొనడం తెలివైన పని. ఎన్ని ఇళ్లున్నాయో మీ జీవిత భాగస్వామిని అడిగి, చెప్పిన సంఖ్యకు ఇంకో పది కలపండి. తాపేశ్వరం కాజాలు, బందరు లడ్డూలు, పలాస జీడిపప్పు చక్కగా చెల్లుతాయి, ఎందుకంటే వారికి తీపి అంటే మనకన్నా మక్కువ. మాంసం, పచ్చి పండ్లు, మొక్కలు, విత్తనాలు మాత్రం పెట్టెలో పెట్టకండి, విమానాశ్రయంలో తీసేస్తారు.

'పో' అంటే 'అండి'

పట్టణాల్లోనూ ఆఫీసుల్లోనూ ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది. పల్లెలో ముసలివాళ్లతో అది సాగదు. అయితే తెలుగువారికి తగలోగ్‌లో ఒక అనుకూలత ఉంది. వారి భాషలో 'పో' అనే చిన్న మాట ఉంది. అది మన 'అండి' చేసే పనే చేస్తుంది. సలామత్ అంటే కృతజ్ఞత, సలామత్ పో అంటే కృతజ్ఞతలండీ. ఓవో అంటే అవును, ఓపో అంటే అవునండీ. 'అండి' ఎక్కడ తగిలించాలో పుట్టినప్పటి నుంచి తెలిసినవారు 'పో' వాడకంలో తప్పు చేయడం కష్టం. మీకు యాభై మాటలే వచ్చినా వాటన్నిటి వెనుకా ఇది ఉంటే, పిల్లాడు మర్యాదస్థుడని ఊరంతా చెప్పుకుంటారు.

వరసలు కూడా మనకు సులువుగా ఒంటబడతాయి. తాత లోలో, అమ్మమ్మ గాని నాయనమ్మ గాని లోలా, పినతండ్రి, మేనమామ వంటివారు తీతో, వారి భార్యలూ అత్తలూ పిన్నులూ తీతా, అన్న కూయా, అక్క ఆతే. వయసులో పెద్దవారిని వట్టి పేరుతో పిలవకూడదు. ఆటో నడిపేవాణ్ణి కూయా అని, కొట్టులో ఉన్న ఆమెను ఆతే అని పిలవవచ్చు. ఇంగ్లీషులోకి దించలేక మనం తంటాలు పడే రెండు వరసలకు వారి దగ్గర సొంత పదాలున్నాయి. వియ్యంకులను బలాయే అంటారు, తోడల్లుణ్ణి బిలాస్ అంటారు. మా నాన్నగారి ఫోటో చూపించి మా మామగారితో 'మీ బలాయే' అన్నప్పుడు ఆయన ఆ ఫోటోకు తల వంచి నమస్కరించినంత పని చేశారు. ఈ రెండు మాటలూ ముందుగా నేర్చుకుని వెళ్లండి.

పెద్దలకు మానో చేయాలి. వారి కుడిచేతిని మీ కుడిచేత్తో అందుకుని, కొద్దిగా వంగి, ఆ చేతి వెనుక భాగాన్ని మీ నుదుటికి ఆనించి 'మానో పో' అనండి. చేతికి ముద్దు పెట్టకూడదు. వారు దేవుడి దయ ఉండాలని దీవిస్తారు. నేను మొదటి రోజు అలవాటు కొద్దీ లోలా కాళ్లకు దండం పెట్టబోయాను. ఆమె తన చెప్పు దగ్గర పాము వచ్చిందేమోనని ఒక్క గెంతు గెంతింది. అత్తమామలకు, తాతలకు, అమ్మమ్మలకు, వారి తోబుట్టువులకు మానో చేస్తే చాలు, అన్నలకూ అక్కలకూ సాధారణంగా అక్కరలేదు. ఒకే గదిలో ఎందరు పెద్దలుంటే అందరికీ వరసగా చేయాలి, ఒకరిని వదిలేస్తే వారు గుర్తుపెట్టుకుంటారు.

వీధిలో నడుస్తుంటే ప్రతి ఇంటి నుంచీ రెండు ప్రశ్నలు వినబడతాయి. ఒకటి తిన్నావా, రెండోది ఎక్కడికి. మొదటిది మనకు తెలిసిందే. రెండోది వినగానే మనవాళ్లకు చిరాకు కలుగుతుంది, బయలుదేరేవాణ్ణి ఎక్కడికని అడగడం మన ఇళ్లలో అపశకునం కదా. అక్కడ అది వట్టి పలకరింపు. నిజంగా ఎక్కడికో ఎవరికీ అక్కరలేదు. 'దియాన్ లాంగ్ పో' అని చెప్పి నడవండి. అదుగో అక్కడికేనండీ అని దాని అర్థం. అలాగే ఎవరైనా తింటున్నప్పుడు మీరు అటుగా వెళితే 'కాయిన్ పో' అని పిలుస్తారు. అది మొదటి పిలుపులో కేవలం మర్యాద, 'బుసోగ్ పా పో' అంటే కడుపు నిండుగా ఉందని చెప్పడం, చిరునవ్వు నవ్వడం సరిపోతుంది. మళ్లీ మళ్లీ పిలిచి కుర్చీ లాగితే మాత్రం కూర్చోవలసిందే. కనుబొమలు ఎగరేస్తే అవునని, పెదవులు ముందుకు చాచి చూపిస్తే అటువైపు అని అర్థం. నేను దారి అడిగితే ఒక పెద్దాయన పెదవులు చాచారు. ఆయనకు నా మీద కోపం వచ్చిందనుకుని క్షమాపణ చెప్పాను.

ఎవరి ఇంటికైనా వెళితే గేటు దగ్గర నిలబడి 'తావో పో' అని పిలవాలి. మాటకు మాటగా చూస్తే 'మనిషినండీ' అని దాని అర్థం. వచ్చింది దయ్యం కాదని చెప్పుకోవడానికే అలా అంటారని మా మామగారి మాట. రాత్రివేళ మొదటి పిలుపుకు పలకకూడదన్న నమ్మకం మన పల్లెల్లోనూ ఉంది కనుక నాకు ఇది వెంటనే నచ్చింది.

పసిపిల్లల దగ్గర కాస్త జాగ్రత్త అవసరం. బిడ్డ ఎంత ముద్దుగా ఉందో అనగానే తల్లి ముఖం మారవచ్చు. దిష్టిని వారు ఊసోగ్ అంటారు. పొగిడిన వెంటనే 'ప్వేరా ఊసోగ్' అంటే చాలు, దిష్టి తగలకూడదని మీరే కోరుకున్నట్టు. ఒకవేళ బిడ్డ ఆ సాయంత్రం ఏడుపు మానకపోతే మిమ్మల్నే పిలిపించి, మీ వేలితో కాస్త ఉమ్మి తీసి పాప పొట్ట మీద రాయమంటారు. అసహ్యించుకోకుండా వెళ్లండి.

వంటింటి వెనుక గుమ్మం

ఇంట్లోకి నిజమైన దారి వరండా వైపు నుంచి ఉండదు, వెనుక వంటింటి నుంచి ఉంటుంది. పొద్దున్న అయిదున్నరకు లేవండి. ఊరు అప్పటికే లేచి ఉంటుంది. వాలిస్ తింగ్‌తింగ్ అనే కొబ్బరి ఈనెల చీపురుతో వాకిట్లో రాలిన ఆకులు ఊడ్చే చప్పుడు ఇంటింటా వినిపిస్తుంది. అది మీరు చేయగలిగిన మొదటి పని, పైగా వీధిలో అందరికీ కనబడుతుంది. ముగ్గు పెట్టే పని లేదు గనక త్వరగానే అయిపోతుంది. తరువాత బేకరీకి వెళ్లి పండెసాల్ అనే చిన్న రొట్టెలు వేడిగా తెచ్చి ఇవ్వండి, వాటిని కాఫీలో ముంచుకుని తింటారు.

ఏడు గంటల వేళకు తహో అమ్మేవాడు వస్తాడు. భుజం మీద కావడి, రెండు వైపులా రెండు అల్యూమినియం బకెట్లు ఉంటాయి. 'తహోఓఓ' అని అతడు తీసే దీర్ఘం రెండు వీధుల అవతలికి వినబడుతుంది. పెద్ద బకెట్లో జున్నులా వెచ్చని మెత్తటి సోయా పాల గడ్డ ఉంటుంది. దాన్ని పలుచటి గరిటెతో పొరలుపొరలుగా గీరి గ్లాసులో వేసి, బెల్లపు పాకం పోసి, పైన సగ్గుబియ్యం గింజలు వేస్తాడు. మీ గ్లాసు మీరే తీసుకెళితే కాస్త ఎక్కువ పోస్తాడు. అతని చుట్టూ చేరే పిల్లలకు ఒక్కొక్క గ్లాసు కొనిపెట్టడం ఊరితో స్నేహానికి చవకైన మార్గం.

అన్నం వండటంలో మీకు మొదటి పరీక్ష ఎదురవుతుంది. వారూ మనలాగే మూడు పూటలా అన్నం తినేవాళ్లు. పొలంలో ఉన్నది పాలాయ్, దంచినది బిగాస్, ఉడికినది కానిన్. వడ్లు, బియ్యం, అన్నం అని మనం మూడు మాటలు వాడినట్టే వారూ వాడతారు. అడుగున అంటిన మాడుకు కూడా తుతోంగ్ అని వేరే పేరుంది. ఒక సాయంత్రం మా అత్తగారు బియ్యం కడిగి గిన్నె నా ముందు పెట్టి, నీళ్లు పోయమన్నట్టు కనుబొమలు ఎగరేశారు. నేను నీళ్లు పోసి, చూపుడు వేలు బియ్యం మీద ఆనించి, మొదటి కణుపు దాకా వచ్చాయో లేదో చూశాను. ఆమె నా వేలి వంక చూసి, తన వేలు నా వేలి పక్కనే ముంచారు. ఇద్దరికీ నీళ్లు అదే గీత దగ్గర ఉన్నాయి. ఆమె బయటికి వెళ్లి పక్కింటి ఆమెను పిలిచి ఆ వేలి సంగతి చెప్పడం నాకు లోపలికి వినబడింది. మరునాటి నుంచి అన్నం వండే పని నాకే అప్పగించారు.

మామగారు రైతు అయితే మాట్లాడుకోవడానికి ఇంకో విషయం ఉంది. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ లగునాలోనే లోస్ బాన్యోస్ అనే పట్టణంలో 1960లో ఏర్పడింది. 1966లో అక్కడ విడుదలైన ఐఆర్8 రకాన్ని మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో పండించి పేరు తెచ్చుకున్న రైతు నెక్కంటి సుబ్బారావు. మీ ఊరి విత్తనం మా గోదావరిలో పండిందని చెబితే సంభాషణ గంట సేపు సాగుతుంది, మధ్యలో ఎరువుల ధరలు తప్పక వస్తాయి.

కూరగాయల బజారులో మీకు పాత స్నేహితులే కనబడతారు. వంకాయ తలోంగ్, కాకర అంపలాయా, సొర ఊపో, గుమ్మడి కలబాసా, చింతపండు సంపలోక్, మునగాకు మలుంగ్‌గాయ్. వారు మునగలో ఆకునే ఎక్కువగా వాడతారు. కాయలతో సాంబారు కాయవచ్చని చూపిస్తే ఆశ్చర్యపోతారు. చింతపండు పులుపుతో చేసే సినిగాంగ్ అనే చారు మన నాలుకకు వెంటనే పడుతుంది. శుక్రవారాల్లో చాలా ఇళ్లలో పెసలు ఉడికించి కూర చేస్తారు. కారం మాత్రం ఉండదు, మీ ఎండుమిర్చి పొడి మీరే తీసుకెళ్లండి, దాన్ని సొంత ప్లేటులోనే కలుపుకోండి.

శాకాహారులకు నిజం చెప్పాలి, అక్కడ కష్టమే. కూరగాయల కూర అని పెట్టిన దానిలోనూ పంది మాంసం ముక్కలో, రొయ్యలో, చేపల నుంచి తీసిన పాతీస్ అనే ఉప్పు రసమో పడి ఉంటాయి. 'నాకు ఇష్టం లేదు' అంటే వంట చేసినామెను నొప్పించినట్టు వినిపిస్తుంది. దానికి బదులు 'బావల్ పో సా ఆకిన్' అనండి. నాకు నిషేధం అని దాని భావం. మతం వల్లనో వైద్యుడి మాట వల్లనో కొన్ని తిననివాళ్లు వారి మధ్యనే ఉన్నారు కనుక బావల్ అన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. తరువాత రెండు రోజులకొకసారి మీరే పొయ్యి దగ్గర నిలబడి పప్పో, వంకాయ కూరో చేసి అందరికీ పెట్టండి. మీకోసం వేరే వండే శ్రమ వారికి తప్పుతుంది, మీరు తినేది ఏమిటో కూడా వారికి తెలుస్తుంది.

భోజనాల దగ్గర ఒక ముఖ్యమైన తేడా ఉంది. గిన్నెలన్నీ బల్ల మధ్యలో పెడతారు, ఎవరికి కావలసినది వారు తీసుకుంటారు. వడ్డించేవారు ఉండరు. మారు వడ్డిస్తారని నేను ఖాళీ ప్లేటుతో ఎదురుచూస్తుంటే, నాకు వంట నచ్చలేదని లోలా వంటింట్లోకి వెళ్లి గుడ్డు వేయించుకు వచ్చింది. సాధారణంగా చెంచా, ఫోర్కు వాడతారు. పండుగలకూ విహారాలకూ అరటాకులు పరిచి కామయాన్ పెడతారు. అంటే చేతి భోజనం. ఆ రోజు మీదే. వేళ్లతో కలిపి ముద్ద చేసి బొటనవేలితో నోట్లోకి తోసే పద్ధతి చూసి పిల్లలు మీ పక్కకు చేరతారు. తిన్నాక ప్లేట్లు తీయడానికి లేవండి. ఒకరిద్దరు వద్దంటారు. ఆ వద్దనడం మన వద్దనడం లాంటిది కాదు, ఒక్కసారితో ఆగిపోతుంది.

స్నానాల గది గురించి తెలుగువారికి ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. తింబా అంటే బకెట్టు, తాబో అంటే మగ్గు.

బరంగాయ్, చిల్లర కొట్టు, సాయంత్రాలు

బరంగాయ్ అంటే పాలనలో అన్నిటికన్నా చిన్న విభాగం. దేశమంతటా 42 వేలకు పైగా ఉన్నాయి. ఎన్నికైన పెద్దను కపితాన్ అని పిలుస్తారు, ఆయనతో పాటు ఏడుగురు కగవాద్‌లు ఉంటారు. ఇరుగుపొరుగు తగవులు చాలా వరకు కోర్టుకు వెళ్లే ముందు అక్కడి మధ్యవర్తుల ముందుకు రావాలి. మన పంచాయతీకీ సచివాలయానికీ మధ్యస్థంగా ఊహించుకోండి. వచ్చిన రెండు మూడు రోజుల్లో మామగారితో కలిసి వెళ్లి కపితాన్‌ను పలకరించండి. పక్కనే రేకుల కప్పు ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటుంది. పొద్దున ఆడవాళ్ల వ్యాయామం, సాయంత్రం కుర్రాళ్ల ఆట, తుపాను వస్తే తలదాచుకునే చోటు, అన్నీ అదే. ఆట రాకపోతే బంతి అందించండి, స్కోరు రాయండి.

సారీసారీ అనే చిల్లర కొట్టు ఇంటి కిటికీకి ఇనుప ఊచలు బిగించి నడిపేది. 'పబిలీ పో' అంటూ పిలవాలి. అక్కడ తింగి పద్ధతి నడుస్తుంది, అంటే విడిగా అమ్మడం. ఒక్క వెల్లుల్లి పాయ, ఒక్క సిగరెట్టు, ఒక్క షాంపూ ప్యాకెట్టు, చిన్న కవరులో పోసి ముడివేసిన వెనిగర్ దొరుకుతాయి. సీసా తిరిగి ఇస్తామన్న నమ్మకం లేకపోతే కూల్‌డ్రింకును కూడా కవరులో పోసి గొట్టం పెట్టి ఇస్తారు. సూపర్‌మార్కెట్‌లో నెల సరుకులు ఒకేసారి కొని తేవడం పొదుపుగా అనిపిస్తుంది గాని, అలా చేయకండి. రోజుకు రెండుసార్లు ఆ కిటికీ దగ్గర ఏదో ఒకటి కొంటే మీరు సూకి అవుతారు, వాడుక మనిషి అన్నమాట. ఊరి కబుర్లన్నీ ఆ ఊచల గుండానే బయటికి వస్తాయి. అరువు పుస్తకంలో అత్తవారి పేరు కనబడితే చూడనట్టు ఉండి, తరువాత మీ భార్యతో మాట్లాడండి.

ఈ కిటికీ దగ్గరే నాకు ఇంకో సంగతి తెలిసింది. అక్కడి పల్లెల్లో భారతీయుడంటే చాలామందికి మోటారు సైకిలు మీద వచ్చి వడ్డీకి డబ్బు తిప్పే పంజాబీ మనిషే గుర్తొస్తాడు. అతణ్ణి బుంబాయ్ అంటారు. అయిదు ఇచ్చి ఆరు వసూలు చేస్తాడు గనక ఆ వ్యాపారాన్ని ఫైవ్-సిక్స్ అంటారు. అల్లరి చేసే పిల్లలను బుంబాయ్ పట్టుకుపోతాడని భయపెట్టడం కూడా ఉంది, మన బూచాడి లాగా. కాబట్టి మొదటి వారం మిమ్మల్ని చూసి పిల్లలు తలుపు చాటుకు పోతే, పెద్దవాళ్లు 'వడ్డీ ఎంత' అని హాస్యమాడితే కోపం తెచ్చుకోకండి. నేను జేబులు బయటికి తీసి చూపించి, నాకే ఎవరైనా అప్పు ఇస్తారా అని అడిగాను. ఆ మాట ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు. దావావో వంటి నగరాల్లో వైద్యం చదివే తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు కనుక అటువైపు ఈ గుర్తింపు కొంత మారింది.

సాయంత్రం మగవాళ్లు తాగుతూ కూర్చుంటే ఒకే గ్లాసు అందరి మధ్యా తిరుగుతుంది, ఒకడు పోసి అందిస్తాడు. తాగనివారు గ్లాసు అందుకుని పక్కవాడికి ఇచ్చి, పులుటాన్ అనే నంజుకునే తినుబండారాలు మాత్రం తింటూ కూర్చోవచ్చు. లేచి వెళ్లిపోవడమే తప్పు. కొబ్బరి కల్లు నుంచి కాచిన లంబనోగ్ అనే సారా ఆ ప్రాంతపు ప్రత్యేకత. 2019 డిసెంబరులో లగునాలోనే కల్తీ లంబనోగ్ తాగి పలువురు చనిపోయారు. లేబులు, ముద్ర ఉన్న సీసా అయితేనే ముట్టుకోండి. పుట్టినరోజులకు వీడియోకే అనే, పాడినవారికి మార్కులు వేసే పాటల యంత్రం అద్దెకు తెస్తారు. గొంతు బాగున్నా లేకపోయినా పాడవలసిందే. ఎవరు ఎలా పాడినా నవ్వకూడదన్నది గట్టి నియమం. నేను తెలుగు పాట పాడితే యంత్రం మార్కులు ఇవ్వలేదు గాని జనం చప్పట్లు కొట్టారు.

చావు ఇంటికి వెళ్లవలసి వస్తే

నెల రోజులు ఉంటే ఊళ్లో ఒక మరణమైనా ఎదురవుతుంది. తప్పించుకోవాలని చూడకండి, ఎందుకంటే ఊరు ఊరంతా ఒకచోట కూడేది అక్కడే. శవపేటికను ఇంట్లోనే కొన్ని రోజుల పాటు ఉంచుతారు. విదేశాల్లో ఉన్న పిల్లలు వచ్చేదాకా వారం కూడా పట్టవచ్చు. రాత్రంతా మేలుకుని ఉండడాన్ని లామాయ్ అంటారు. వచ్చినవాళ్లకు కాఫీ, బిస్కట్లు పెడతారు, బయట టెంటు కింద పేకాట సాగుతుంది. శవం ఉన్న ఇంటి ముందు పేకాట ఏమిటని మొదట నాకు మనసు ఒప్పలేదు. తరువాత తెలిసింది, పందెంలో ఒక భాగం పక్కకు తీసి ఆ కుటుంబానికి ఇస్తారు, పైగా పేక ముక్కలు లేకపోతే తెల్లవారేదాకా మెలకువగా ఎవరూ ఉండలేరు.

మీరు అబులోయ్ ఇవ్వాలి. అంటే ఖర్చులకు సాయంగా కవరులో పెట్టి ఇచ్చే డబ్బు. ఎంత అన్నది భార్యను అడగండి. ఎర్ర బట్టలు వేసుకోకండి. వచ్చినందుకు ఇంటివాళ్లు కృతజ్ఞతలు చెప్పరు, గుమ్మం దాకా సాగనంపరు. అది మర్యాద లోపం కాదు, అలా చేయకూడదన్నది వారి నమ్మకం, మన చావు ఇళ్లలో వెళ్లొస్తామని చెప్పకపోవడం లాంటిదే. అక్కడ పెట్టినది ఇంటికి తెచ్చుకోకూడదు. తిరిగి వచ్చేటప్పుడు తిన్నగా ఇంటికి రాకూడదు. దారిలో ఏదో ఒక కొట్టు దగ్గర ఆగి, కాస్త కూర్చుని రావాలి. చనిపోయినవారి నీడ వెంట రాకుండా దులిపేసుకోవడం కోసమట, దాని పేరు పగ్‌పగ్. మనం గుమ్మం బయటే నీళ్లు పోసుకుని లోపలికి వస్తాం, వారు ఒక కాఫీ తాగి వస్తారు.

మా పక్కింటి పెద్దాయన పోయినప్పుడు నేను ఉత్సాహపడి, పొద్దున్నే వారి గుమ్మం ముందు పడి ఉన్న కప్పులూ కాగితాలూ ఊడ్వడం మొదలుపెట్టాను. ఆ ఇంటి కోడలు పరుగెత్తుకు వచ్చి చీపురు లాక్కుంది. శవం ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఊడవకూడదు, ఊడిస్తే ఇంకొకరిని ఊడ్చేసినట్టేనట. చేతితో ఏరవచ్చు. కుర్చీలు మోయడం, కాఫీ కప్పులు కడగడం, టెంటు కట్టడం మాత్రం ఎవరైనా చేయవచ్చు. ఆ పైన తొమ్మిది రోజుల ప్రార్థనలు, చనిపోయిన నలభయ్యో రోజున భోజనం ఉంటాయి.

పండుగ రోజున

ప్రతి ఊరికీ ఒక పునీతుడుంటాడు, ఆయన రోజున ఊరి పండుగ జరుగుతుంది. ఆ రోజు ఏ ఇంటికి వెళ్లినా అన్నం పెడతారు, ముఖం తెలియకపోయినా సరే. నాలుగైదు ఇళ్లకు వెళ్లవలసి వస్తుంది గనక మొదటి ఇంట్లోనే కడుపు నింపుకోకండి. మిగిలినవి పొట్లం కట్టి ఇస్తే పుచ్చుకోండి. అయితే చుట్టాల ఇంట్లో పండుగ అయితే మీరు తినేవారిలో కాక వండేవారిలో ఉండాలి. ముందు రాత్రి ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్న గుంపులోనే ఆ కుటుంబం చరిత్ర అంతా వినబడుతుంది.

మే 15న లగునాకు ఆనుకుని ఉన్న కెసోన్ ప్రావిన్సులో, బనహావ్ కొండ దిగువన లుక్‌బాన్ అనే పట్టణంలో పహియాస్ జరుగుతుంది. రైతుల పునీతుడైన ఇసిద్రో పండుగ అది. పంటలతో ఇళ్ల ముంగిళ్లను అలంకరిస్తారు. కిపింగ్ అనే రంగురంగుల పలుచటి ఆకారాలు తోరణాల్లా వేలాడుతుంటాయి. వాటిని చేసే ఇల్లు దొరికితే తప్పక చూడండి. బియ్యం రుబ్బిన పిండిని చెట్టు ఆకు మీద పలుచగా పూసి, ఆవిరి పట్టి, ఆకును ఒలిచేస్తే, ఈనెల గీతలతో సహా ఆకు రూపం బియ్యపు రేకు మీద నిలిచిపోతుంది. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకు తీయడం చూసినవాడికి ఆ క్షణంలో ఊపిరి ఆగుతుంది. నేను ఫోనులో పూతరేకుల వీడియో చూపిస్తే అక్కడి ముసలామె దాన్ని మూడుసార్లు తిప్పి చూసి, మీరు దీన్ని వేలాడదీయకుండా తినేస్తారా అని అడిగింది.

డబ్బు, తిరుగు ప్రయాణం

విదేశం నుంచి వచ్చినవాడి దగ్గర డబ్బు ఉంటుందని అందరూ అనుకుంటారు. అడిగినవారికి నేరుగా అవుననీ కాదనీ చెప్పకండి, మాట భార్య మీదికి నెట్టండి, ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి పాత బాకీ ఎంతో ఆమెకు తెలుసు. పిల్లలకు చిన్న నోట్లు దగ్గర ఉంచుకోండి.

వెళ్లేరోజున పబావోన్ ఇస్తారు, ప్రయాణానికి కట్టిచ్చే సారె అన్నమాట. ఎండు మామిడి ముక్కలు, కోకో బిళ్లలు, ఎండుచేపలు ఇస్తారు. ఎండుచేపలను రెండు కవర్లలో చుట్టి మూత డబ్బాలో పెట్టకపోతే పెట్టె వాసన నెల దాకా పోదు. అందుకే వాటిని తీసుకున్నట్టు తీసుకుని, దారిలో భార్య పెద్దమ్మగారి ఇంట్లో దించేయడం నా పద్ధతి. మా మామగారు మొదటిసారి నాకు ఒక కాలమన్సీ నిమ్మ అంటు ఇచ్చారు. మొక్కలు దేశం దాటించడం కుదరదని చెబితే ఆయన చిన్నబోతారని, దాన్ని వారి పెరట్లోనే బావి పక్కన నాటి, ఇది ఇక్కడే నాది అన్నాను. ఇప్పుడు అది భుజం ఎత్తు పెరిగి కాస్తోంది. వెళ్లినప్పుడల్లా పొద్దున వాకిలి ఊడ్చాక దానికి రెండు తాబోల నీళ్లు పోయడం నా పని. ఆ సంగతి ఇంట్లో ఎవరూ నాకు గుర్తుచేయరు. పోయలేదేమని మాత్రం అడుగుతారు.